మైనం బిళ్ల తవ్వి పంపు నాయినా

నాయినా, నీకూ అవ్వకూ దండాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ కంట్లో చుక్కల మందు వేస్తున్నావా, మరిచిపోతున్నావా? గుండ్లపోచంపల్లిలో మేమిద్దరం ఉన్నాం. బాగున్నామని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

సోమవారం ఫోన్‌లో నేను అరిచాను. నువ్వు పెట్టేశావు. అప్పటినుంచి ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం. మన ఊరి మల్లేశ్ బావ రేపు పొద్దున వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

అమ్మ కడుపు మళ్లీ ఉబ్బింది. అండాశయంలో ఆపరేషన్ చేసి తీసేసిన క్యాన్సరే తిరిగొచ్చింది. సెలైన్‌లో ఎక్కించిన మందు ఆపి ఐదు నెలలు కూడా కాలేదు. ఇక ఆ మందుతో లాభం లేదని డాక్టరమ్మ అంది. అన్నం రెండు ముద్దలు తింటుంది, తర్వాత గంజే. నేను జీడిమెట్లలో మాత్రలు పట్టీల్లో పడే మిషన్ దగ్గర పొద్దంతా నిలబడతాను. అన్ని మందులు నా చేతుల కింద నుంచి పోతాయి, ఒక్కటీ అమ్మకు పనికొచ్చేది కాదు. డబ్బాల మీది ఇంగ్లీషు చదివి చదివి నేర్చుకున్నాను కదా, అందుకే తెలుసు. తెలియకపోతేనే బాగుండేది.

ఇక్కడ వాన పడితే గాలంతా మందుల కంపు. మా గదుల వరుసలో అందరూ ఒడిశా వాళ్లు, మంచివాళ్లే. కానీ పగలంతా అమ్మతో మన మాట మాట్లాడే మనిషి లేదు. మొన్న ఆదివారం శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లాను. అక్కడ ఎవరో నీలాగే చేపల వల ఆరేస్తుంటే చూసి, "గంత పెద్ద కండ్ల వలనా, మీ నాయిన జూస్తె నవ్వుతడు" అంది. ఆ ఒక్కరోజే నవ్వింది.

ఇప్పుడు అసలు సంగతి. సిటీలో పెద్దాసుపత్రిలో ఈ క్యాన్సర్‌కు కొత్త మందు పరీక్ష చేస్తున్నారు, ట్రయల్ అంటారు. మందు పనిచేస్తుందని వాళ్లేమీ మాట ఇవ్వలేదు. చూద్దాం అన్నారు. మనకు అదీ లేదు కదా నాయినా, చూద్దాం అనే మనిషే లేడు. కానీ అందులో ఎవరు పడితే వాళ్లు చేరలేరు. మందు ఆపిన ఆరు నెలల లోపే రోగం తిరిగొచ్చి ఉండాలట. కిడ్నీలు, లివరు, రక్తం బాగుండాలట. నాటుమందు నెల ముందే మానేసి ఉండాలి. మంచం పట్టిన మనిషి కాకూడదు.

నర్సమ్మ ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. గర్భం వచ్చే అవకాశం ఉందా అని కూడా అడిగింది. అమ్మ నా దిక్కు చూసి, "నాకా బిడ్డా? గీ పిల్లకు పెండ్లి జెయ్యాల్సిన ఈడుల నాకు పురుడా?" అంది. నర్సమ్మ పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వింది. నీ పని నువ్వు చేసుకుంటావా అంటే, "నా పనేంది, దీని బట్టలు గూడ నేనే ఉతుకుత" అంది. అబద్ధం కాదు, నిజంగానే ఉతుకుతుంది, నేను వద్దన్నా.

అన్నిట్లో పాసైంది. చివర ఆపరేషన్‌లో తీసిన ముక్క అడిగారు. గడ్డలోంచి కోసిన ముక్కను మైనంలో పెట్టి బిళ్ల చేస్తారు. దాన్ని పరీక్షించి చూస్తేనే ఈ మందు అమ్మకు తగునో లేదో తేలుతుంది. పాత ఆసుపత్రికి పోయి అడిగాను. ఉన్న రెండు బిళ్లలూ మీకే ఇచ్చేశామని రిజిస్టర్ తిప్పి చూపించారు. సంతకం నాదే.

రెండూ నువ్వు కొట్టం వెనక పాతిపెట్టావు. మనిషి బతికుండగా ఒంట్లోంచి తీసింది ఇంట్లో ఉంటే మిగిలిన మనిషిని పిలుస్తుందని అవ్వ అంది, నువ్వు పసుపుగుడ్డలో చుట్టి పాతేశావు. ఫోన్‌లో నిన్ను ఎన్ని మాటలన్నానో నాకు తెలుసు. అందులో ఒకటి చెప్పలేదు. పారేయొద్దమ్మా, మళ్లీ అవసరం పడొచ్చు అని ఆ రోజు ల్యాబులో ఒకాయన నాకు రెండుసార్లు చెప్పాడు. చదువుకున్నదాన్నని తిరిగేదాన్ని నేను. అయినా తెచ్చి నీ చేతిలో పెట్టాను. అవ్వ చెప్పిందే నిజమైతే బాగుండని నాకూ అనిపించింది. పాతిపెడితే పోతుందనిపించింది.

కొత్తగా సూదితో ముక్క తీద్దామంటే గడ్డ పేగుల వెనక ఉంది, ప్రమాదం అన్నారు. మైనం కరగకుండా ఉంటే తెండి, చూస్తాం అంది నర్సమ్మ. శుక్రవారం లోపు ఇవ్వాలి. దాటితే చేర్చుకోరు.

గడ్డపారతో తవ్వకు, చేత్తో తవ్వు. కడగకు. ఎండలో పెట్టకు. మట్టితోనే టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించి, తిరిగొచ్చేటప్పుడు మల్లేశ్ బావకు ఇవ్వు. బస్సులో ఇంజను మీద పెట్టొద్దని చెప్పు. ఒక్కటి దొరికినా చాలు. వీలైతే నాలుగు ఎండు చేపలు వేరే కవర్లో పంపు, అమ్మ అడుగుతోంది.

అవ్వ అడ్డం పడుతుందని నాకు తెలుసు. నువ్వు ఆమె మాట దాటవని కూడా తెలుసు. ఏం రాయాలో తోచక కూర్చుంటే అమ్మ లేచి ఎవరికి రాస్తున్నవ్ అంది. అంతా చదివి వినిపించాను. తర్వాత, ఇది రాయమంది: "అత్తా, పాతిపెట్టింది నా ముక్కనే గదా. నాకు బతకాలనుంది. నేనే అడుగుతున్న, నాది నాకియ్యున్రి."

మా ఇద్దరినీ దీవించు నాయినా.

నీ బిడ్డ
స్వరూప