ఈసారి నన్ను కాపాడొద్దు

జోంబా,
బుధవారం

అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ, అక్కా, పిల్లలూ బాగానే ఉన్నాం. బాగా లేనిది ఒక్కటే. ఈ నెల మొదటి ఆదివారం నిండు సంఘంలో నా మౌన ప్రార్థన గొంతు నులిమేశారు. నులిమింది పరాయివాళ్లు కాదు, నువ్వే!

నీ ఉత్తరం అందింది. వేళకు తింటున్నావా అని అడిగావు, తింటున్నాను. నువ్విచ్చిన బంగాళాదుంపల్ని అక్క పిల్లలు పొయ్యి మీంచి దించకముందే ఖాళీ చేస్తున్నారు. బస్సు దాకా ఎందుకు రాలేదన్నావు. కోపంతో రాలేదు. నీ సంచీ మోసిన పొడుగమ్మాయి పేరు టియమికె. మా పాటల బృందంలో ఆడవాళ్ల గొంతులకు ముందుండేది ఆమే. అంతకుమించి ఏమీ ఊహించుకోకు.

ఆరాధన మొదలయ్యే ముందు, దాన్ని నడిపించే మేము సంఘం ఎదుట నిలబడి కాసేపు మౌనంగా ప్రార్థించాలని నేను ఎంత పోరాడితే ఒప్పుకున్నారో నీకు తెలియదు. మా బృందం సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. 'నా పాట ముందు', 'కాదు నాదే ముందు' అని గుడి గుమ్మం దాకా కొట్లాడుకునేవాళ్లం. గుమ్మం దాటగానే చేతులెత్తి శాంతిని గురించి పాడేవాళ్లం. ఇది ఆరాధనా, సంతా? పుస్తకాల కొట్లో దొరికిన పాత కరపత్రాలు చదివి చదివి నేను తెలుసుకున్నది ఒక్కటే. పదిమందిని దేవుడి దగ్గరికి తీసుకెళ్లేవాడు ముందు తాను అక్కడ ఆగాలి. నోరు మూసుకుని ఆగాలి!

సరే, ఆగాం. కళ్లు మూసుకున్నాం. అంతలో మూడో వరుసలోంచి నీ గొంతు లేచింది. ముందు నిలబడ్డవాడికి మాట రాకపోతే ఆడవాళ్లు పాట ఎత్తి ఆదుకోవడం మన మర్యాదే, కాదనను. కానీ నేను నిన్ను ఆదుకోమన్నానా? సంఘమంతా లేచి చప్పట్లు. డోలు వాయించే వేజి కూడా, నా పక్కనే మౌనంగా నిలబడినవాడు, ఒక్క గెంతులో డోలు దగ్గరున్నాడు!

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నాంక్వెన్యా గారు నన్ను పట్టుకున్నారు.

"ఏరా లింబానీ, కన్నతల్లే ఓర్చుకోలేకపోయింది, ఇంక మేమెంత? మన ప్రార్థనకి కాళ్లుంటాయి నాయనా. గంతులేస్తుంది గానీ కూర్చోదు."

"దానికి చెవులుండవాండీ?" అన్నాను.

"నోరు మాత్రం నీకు దండిగా ఉంది. నెలాఖరు ఆదివారం ఇంకొక్కసారి చూస్తాం. అదీ చెడిందా, పాటలు నడిపే పని ఇంకొకరికిస్తాం. నువ్వు వెనక బల్ల మీద కూర్చుని నీ కరపత్రాలు చదువుకో."

అమ్మా, ఇప్పుడు అసలు వార్త! నిన్న సాయంత్రం గుడి వెనక గదిలో మా బృందాన్ని మౌన ప్రార్థనకు కూర్చోబెట్టాను.

"గురక పెడితే పాపమా?" అన్నాడు వేజి.

"నీ డోలు కన్నా నయమే," అంది టియమికె.

తరువాత ఎవరూ మాట్లాడలేదు. రేకుల మీద చినుకులు పడ్డాయి, ఆగిపోయాయి. చాలాసేపటికి వేజి తల దించుకునే అన్నాడు. "టియమికె, నువ్వు పాడేటప్పుడు నేను కావాలనే గట్టిగా కొడతాను. అందరూ నీ గొంతే వింటారని."

"తెలుసులే. అందుకేగా నేను అంత అరిచేది," అంది ఆమె. నవ్వబోయి ఏడ్చేసింది. ఏ ప్రసంగానికీ లొంగని మనుషులమ్మా వీళ్లు! నాకు గది కప్పు ఎగిరిపోయినంత సంతోషమైంది.

ఇక నిన్నటి ఆ మౌనంలో నాకు ఏం వినబడిందో నీకొక్కదానికే చెబుతున్నాను. నీ పాట వినబడింది. నాన్న సమాధి దగ్గర నేను వాక్యం చదవలేక నిలిచిపోయినప్పుడు నువ్వెత్తింది ఆ పాటే. ఆ మొదటి ఆదివారం కూడా నేను ప్రార్థించలేదమ్మా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డాను. నీ గొంతు లేవగానే ప్రాణం లేచొచ్చింది. అందుకే అంత కోపం. నా ముఖం అంత దూరం నుంచి చదవగలిగింది నువ్వొక్కదానివే.

అయినా ఆ మౌనంలో నేను నిలబడాలి. నువ్వు చేతులు కట్టుకుని కూర్చుంటే, పెద్దదానివి, నిన్ను దాటి ఏ ఆడమనిషీ పాట ఎత్తదు. అందుకని మీ మహిళా సమాజం అమ్మలందర్నీ మీరు సమాజానికి వేసుకునే తెల్ల జాకెట్లతో వెంటబెట్టుకుని రా. ముందు వరుసలో కూర్చో. నా పెదాలు వణికినా లేవొద్దు. ఎంతసేపైనా సరే, ఆగు. చివరికి నేనే కళ్లు తెరిచి నీవైపు చూస్తాను. అప్పుడు ఆ పాట నువ్వే ఎత్తాలి.

నెలాఖరు ఆదివారం, పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు. ఒక్కరు కూడా ఆగిపోకుండా అందరూ రండి!

ఇట్లు,
నోరు ఎండినా నిలబడబోయే నీ కొడుకు,
లింబాని