నడి కాలువ నీళ్లే తెమ్మన్న ఉత్తరం

కాలుష్య తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రాథమిక పాఠశాల పిల్లలకు తమరి కార్యాలయం పంపిన ఉత్తరమును ఈ శుక్రవారం లోపల రద్దు చేయుటకు మనవి.

నేను అద్దకం కార్ఖానాలో తూము తిప్పే పనివాని భార్యను. నాలుగో తరగతి చదివాను. నా ఆడపడుచుకు తొమ్మిదేళ్లు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి నా చేతుల్లోనే పెరుగుతోంది. వాళ్ల బడిలో పన్నెండు మంది పిల్లలు ‘కాలువ కాపలా దళం’ పెట్టుకున్నారు. దానికి ఇదే నాయకురాలు. ఆ విషయమై ఈ క్రింది సంగతులు విన్నవించుకుంటున్నాను.

1. కార్ఖానా తొట్టిలోని వాడిన రంగునీళ్లను ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు బడి వెనుక కాలువలోకి వదులుతారు. అవి పొగలు కక్కుతూ వస్తాయి. పిల్లలు ఒడ్డున నిలబడి, కర్రకు కట్టిన డబ్బాతో ఆ నీళ్లు తీసి, సీసాల మీద తేదీ వేసి మూడుసార్లు తమరికి పంపారు. అంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

2. ఒడ్డు నీళ్లు పరీక్షకు చెల్లవనీ, నీళ్లు వదిలే సమయంలోనే, నడి కాలువలో, సీసా మూతి ప్రవాహానికి ఎదురుగా పట్టి తీసిన నమూనా మాత్రమే చెల్లుతుందనీ తమరి జవాబు వచ్చింది. అది అందరికీ పంపే ఉత్తరమే కావచ్చు. పిల్లలు మాత్రం తమకోసమే రాశారనుకున్నారు. ప్రధానోపాధ్యాయురాలు దానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు.

3. పోయిన వారం, నీళ్లు లేనప్పుడు, పిల్లలు కాలువలోకి దిగి అలవాటు చేసుకున్నారు. అడుగు బురదకే నా ఆడపడుచు కాళ్లు మోకాళ్ల దాకా నీలమై బొబ్బలెక్కాయి. నేను నూనె రాస్తుంటే, “అన్నయ్యకి చెప్పకు వదినా. నీళ్లు మా నడుం దాకానే వస్తాయి. బుడ్డిదానికి మెడ దాకా వస్తాయిలే, దాన్ని మా మధ్యలో నిలబెడతాం” అన్నది. దళంలో అందరికన్నా చిన్నదైన ఆ బుడ్డిదానికి ఆరేళ్లు.

4. నిన్న నా ఆడపడుచును గదిలో పెట్టి తాళం వేశాను. కిటికీలోంచి దూకింది. “ఆఫీసరు గారు రాసింది నీకా, మాకా?” అని నన్నే అడిగింది.

5. తూము చక్రం కార్ఖానా గోడకు లోపలి వైపు ఉంటుంది. తిప్పేవాడికి కాలువ కనపడదు. పిల్లలు దిగుతారని నేను చెబితే మా ఆయన మేస్త్రీతో చెప్పారు. “దిగనియ్యవయ్యా! ఒక్కసారి కాలితే మళ్లీ ఆ ఛాయలకి రారు” అన్నాడట. మర్నాడే మా ఆయనను బాయిలర్ దగ్గరికి మార్చి, చక్రానికి కొత్తవాణ్ణి పెట్టారు. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి మా ఆయనను అటు పోనివ్వడం లేదు. ఆయన రెండు రోజులుగా కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు.

6. బడికి వెళ్లాను. నోరు పెగలక గుమ్మం దగ్గరే గంటసేపు నిలబడ్డాను. చివరికి ప్రధానోపాధ్యాయురాలే పిలిచి అడిగితే చెప్పాను. “ఆఫీసు వాళ్లు చెప్పినట్టే చేస్తున్నామమ్మా. ప్రమాదమైతే వాళ్లు రాస్తారా?” అన్నారు.

కావున ఒడ్డు నీళ్లే చాలుననీ, ఎవరూ కాలువలోకి దిగరాదనీ రెండు ముక్కలు రాసి, ముద్ర వేసి పంపవలెను. వాళ్లు నా మాట వినరు, కన్నవాళ్ల మాట వినరు. తమరి మాట అక్షరం పొల్లు పోకుండా వింటారు. నాకు భయం అందుకే. దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
తూము పనివాని భార్య

ఇంకొక మాట: ఇది మడిచిపెట్టాక మా ఆయన పని నుంచి వచ్చారు. తొట్టి నిండిపోయిందట. శుక్రవారం దాకా ఆగరట. రేపు మూడింటికే వదిలేస్తారట. ఈ కబురు నాకన్నా ముందే పిల్లలకు అందింది. ఆడపడుచు పెరట్లో సీసాలు కడుగుతోంది.

సార్, ఉత్తరం వద్దు, ముద్ర వద్దు. రేపు పొద్దున మీ ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంటాను. నాకు మాట రాదు, ఈ కాగితం మీ చేతిలో పెడతాను. చదివాక నన్నేమీ అడగకండి. చెప్పులేసుకుని నాతో వచ్చెయ్యండి.