పార్కింగ్ లాట్‌లో వెర్న్

జులై 8, 2011. స్పోకేన్

మధ్యాహ్నానికే లాట్ నిండిపోయింది. లాంగ్ ఫెర్రీ బ్యాండ్ ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊరికి వ్యాన్లేసుకుని వెంటపడే మా గుంపంతా దిగింది. తలలు నెరిశాయి, నడుములు వంగాయి. పాటలు మాత్రం అవే, ఒక్కోటీ అరగంట సాగేవి. పెళ్లయ్యాక నేను ఒంటరిగా టూర్‌కి రావడం ఇదే మొదలు. మా ఆయన వెర్న్ ఫిబ్రవరిలో పోయాడు.

టీషర్టులు అమ్మే టూలీకి ఆ సంగతి తెలియదు. ఇందాకే వెర్నన్నతో మాట్లాడాను అక్కా, ఇంకా ఆ చేతికర్ర వదల్లేదేంటి అన్నాడు. ఎవర్నో చూసి పొరబడ్డాడు. నిజం చెప్పి వాడి సంబరం పాడుచెయ్యడం ఎందుకని నవ్వేసి వచ్చేశాను.

జులై 10

రోజంతా డ్రైవింగ్. పక్క సీట్లో సామాను పెట్టడానికి చెయ్యి రాలేదు.

జులై 11. బెండ్, ఉదయం

ఒడెస్సా కూడా చూసిందట.

టూలీ మాట వేరు. వెర్న్‌ని పూడ్చిన రోజు నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకున్న మనిషి ఒడెస్సా. లాట్‌లో స్టవ్ పెట్టుకుని చీజ్ శాండ్‌విచ్‌లు కాలుస్తుంది. వెర్న్ వచ్చి ఒకటి తీసుకున్నాడట, ఉల్లిపాయ వద్దన్నాడట. ఇలాంటి వేళాకోళాలు నాతో వద్దని కసిరాను. ఆమె స్టవ్ ఆపేసింది.

"వేళాకోళం కాదే. కర్ర లేదు. గడ్డం నల్లగా నిగనిగలాడుతోంది. నీ గురించే అడిగాడు. రోడా నన్ను వెతుక్కుంటూ ఉంటుంది, ఎక్కడుందో చూశావా అనడిగాడు."

అదే రోజు, సాయంత్రం

వ్యాన్ల మధ్య, డ్రమ్ములు కొట్టేవాళ్ల మధ్య, పడుకున్న కుక్కల మధ్య వెతికాను. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు, వెర్నా? ఇప్పుడే అటు వెళ్లాడు కదా అంటున్నారు. అంత మామూలుగా. అటు వెళ్తే లేడు. షో మొదలైనా లోపలికి పోలేదు. అతను నల్లటి గడ్డంతో ఉన్నది మా పెళ్లయిన కొత్తలో.

జులై 14. యూజీన్

వెర్న్ పోయాడని ఒడెస్సా టూలీకి చెప్పేసినట్టుంది. వాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వెర్న్ మళ్లీ వచ్చాడట. ఈసారి గడ్డమే లేదట. జుట్టు భుజాల మీద, కాళ్లకి చెప్పుల్లేవు. రోడా అక్క అదిగో అక్కడుంది అని వీడు నన్ను చూపించాడట.

"నీ వంక చూశాడక్కా. రోడా ఎవరు అన్నాడు."

వ్యాన్ తలుపు వేసుకుని కూర్చున్నాను. పోయినవాడు కనిపిస్తున్నందుకు కాదు నా భయం. అతను వెనక్కి నడుస్తున్నాడు. కర్ర వదిలేశాడు. గడ్డం వదిలేశాడు. ఇప్పుడు నన్నూ. మేం కలిసేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు అంతకన్నా వెనక ఉన్నాడన్నమాట.

ఇంటికెళ్లిపొమ్మని ఒడెస్సా బతిమాలుతోంది. నన్ను ఎరగని మనిషిగా అతన్ని చూశానంటే, నాకు తెలిసిన వెర్న్ కూడా నాకు మిగలడంటుంది. నిజమే కావచ్చు.

తర్వాతి షో రెనోలో. వెళ్తున్నాను.

జులై 16. రెనో

గేటు బయట ఒక కుర్రాడు. కనుబొమ్మ మీద దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది. నాకు తెలిసిన వెర్న్‌కి అక్కడ ఎప్పుడూ పాత మచ్చే.

"అదనంగా టికెట్ ఏమైనా ఉందా అండీ?"

అండీ అన్నాడు.

నా టికెట్ ఇచ్చేశాను. మరి మీరు రారా అనడిగాడు. రానన్నాను. పరుగెత్తాడు.

లోపల మొదటి పాట అందుకున్నారు. గేటుకి అవతల ఎవరో అమ్మాయి అతను అన్నదానికి పకపకా నవ్వింది.

ఆ నవ్వు నాది, వయసులో ఉన్నప్పటిది.