మొదటి పేజీ ఖాళీ

యారాడలో ఉన్న బావకి,

మా అక్కది మిగిలింది ఒక్క ఫోటోయేనని, ఆల్బమ్‌లో అంటిస్తే పాడవుతుందని ఇవ్వనన్నావట. నీ భయం సబబే. కానీ మా పక్కింటి ఫర్హా పనితనం నువ్వు చూడలేదు. నీ మనవరాలు రాణి కోసం చీరల డబ్బా అట్టతో ఆల్బమ్ కుట్టింది. ఫోటో మూలలకి పాత శుభలేఖల కవర్లతో బుల్లి జేబులు చేసింది. అందులో ఒకటి నేను కుదిర్చిన పెళ్లిదే. ఆ జంట ఏనాడో విడిపోయింది. కవరు మాత్రం ఇంకా బిర్రుగా ఉంది.

"ఫోటోకి గమ్ తగల్దు తాతా! మూలలు దూర్చడమే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసీసుకోవచ్చు," అంది ఫర్హా నాతో.

రాణి వాళ్ల అమ్మమ్మ ముఖం ఎరగదు. మొదటి పేజీలో నాలుగు జేబులూ ఖాళీగా ఉన్నాయి. నువ్వే వచ్చి నీ చేత్తో దూర్చు. పిల్ల చూశాక కూడా తీసుకుపోవాలనిపిస్తే, తీసుకుపో.

నీ బావమరిది