బొట్టు పెట్టిన లీవర్లు

ఫిబ్రవరి 3, సోమవారం

ముత్తుకూరు. ఇంజనీరు అబిగయీలు వర్క్‌షాప్. పత్రికకు రాయడానికి వచ్చాను. టేబుల్ మీద ప్లైవుడ్ బోర్డు, దాని మీద త్రీడీ ప్రింటర్‌లో చేసిన మూడు ప్లాస్టిక్ లీవర్లు. వైర్లు లేవు. పైన స్టాండుకు మామూలు వెబ్‌క్యామ్. ఒక్కో లీవరుకూ పక్కకు చాచిన తోక, దాని మీద నలుపు తెలుపు గళ్ల స్టిక్కర్. కెమెరా ఆ గళ్లను చూసి ఏ లీవర్ ఎటు కదిలిందో కనిపెడుతుంది. ఒక లీవర్‌ను పీకి ఎడమ మూలన పెట్టాను. అక్కడా పనిచేసింది! తెర మీది క్రేన్ నా మాట విన్నది.

ఆశ్చర్యార్థకం నేను వాడను. ఈ ఒక్కటి ఉంచుతున్నాను.

ఫిబ్రవరి 4

ఇదంతా పెంచల్ కోసం. పోర్టులో పద్నాలుగేళ్లు క్రేన్ నడిపాడు. రెండేళ్ల కిందట సొంత పొలంలో మోటారు బెల్టు కుడిచేతి మూడు వేళ్లు తీసుకుంది. అప్పట్నుంచి గేటు దగ్గర లారీ నంబర్లు రాస్తున్నాడు. శుక్రవారం పోర్టులో సిమ్యులేటర్ టెస్ట్, తెర మీది క్రేన్‌తో. తన చేతికి సరిపడే లీవర్లతో మూడు కంటైనర్లను గీతల్లో దించితే మళ్లీ క్రేన్ ఎక్కిస్తారు. లేకపోతే గేటే. పోర్టువాళ్లు ఇచ్చిన కాగితం చూశాను.

ఫిబ్రవరి 5

పిడి ఏడోసారి ప్రింట్. ఆరోది పట్టుకుని, ఇది లీవరా మునక్కాయా తల్లీ అన్నాడు పెంచల్. ఏడోది పట్టుకున్నాడు. ఇక వదలలేదు.

ఫిబ్రవరి 6

రేపే. నా పని చూడడం మాత్రమే.

ఫిబ్రవరి 7, ఉదయం 10.20

క్రేన్ కదలలేదు.

మొదలుపెట్టే ముందు అబిగయీలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పెంచల్ భార్య వెంకటశేషమ్మ అప్పటికే తన పని కానిచ్చేసింది. కొత్త మిషన్ గదా అని ప్రతి తోకకూ పసుపు రాసి, గళ్ల మధ్య తెల్లగా కనిపించిన చోటల్లా బొట్టు పెట్టింది. కెమెరా ఒక్క స్టిక్కర్‌నూ గుర్తుపట్టడం లేదు. తుడిస్తే ఎర్రగా పులుముకుంది. వేరే స్టిక్కర్లు తేలేదు. పదకొండుకు గది మూసేస్తాం, మళ్లీ టెస్ట్ ఉండదు అన్నాడు ఎగ్జామినర్.

పెంచల్ భార్య మీద అరవలేదు. గేటు డ్యూటీ చొక్కా ఉతికినావా అని అడిగాడు.

10.35

అక్కా, ఆ కుంకుమ భరిణె ఇట్లియ్యి అన్నది అబిగయీలు. తోకలు ఊడదీసి బోర్లా బిగించింది. వెనకవైపు శుభ్రమైన తెల్ల ప్లాస్టిక్. మొదటిదానికి ఒక బొట్టు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. గళ్లు వద్దు, ఎర్ర చుక్కలు లెక్కపెట్టు అని కెమెరాకు చెప్పాలట. లాప్‌టాప్‌లో ఆ మార్పు రాయడానికి కూర్చుంది.

10.49

కదిలింది! రెండో ఆశ్చర్యార్థకం.

10.58

మూడు కంటైనర్లూ గీతల్లోనే. పాస్. పెంచల్ చేయి వణకలేదు. నా ఫోటోలన్నీ షేక్ అయ్యాయి.

ఫిబ్రవరి 24

వర్క్‌షాప్‌లో కొత్త బోర్డు. తోకల మీద గళ్లు లేవు, ప్రింట్ చేసిన ఎర్ర చుక్కలు. నువ్వు బొట్టు పెట్టుకోకపోతే పోనీలే పాపా, నీ మిషన్ పెట్టుకునింది అన్నది వెంకటశేషమ్మ.

పెంచల్ రాలేదు. ముప్పై మీటర్ల ఎత్తున ఉన్నాడు.