సర్ రోలోకి చేతి తొడుగులు

గోర్విన్ బొమ్మల సినిమా స్టూడియో,
బర్బాంక్, కాలిఫోర్నియా.
జనవరి, 1955.

కార్స్‌బీ కోట ఆయుధశాల పర్యవేక్షకురాలు మిస్ ఎనిడ్ పెంబ్రీ గారికి,

డెల్బర్ట్ రస్క్ నమస్కరించి రాయునది. మీరు నన్నెరగరు. మాది బొమ్మలు గీసి, వాటిని కదిలించి, జనాన్ని ఏడు నిమిషాలు నవ్వించే వ్యాపారం. ఆ గీసేవాళ్ల గదికి నేను పెద్దని. ఈసారి రాజుల కాలం కథ ఒకటి నెత్తికెత్తుకున్నాం. మా వీరుడి పేరు సర్ రోలో. ఇనుప కవచం తొడుక్కుని ఒక కోటలోకి దూరాలని చూస్తుంటాడు. కోటకి కాపలా ఉన్న పెద్దబాతు దూరనివ్వదు. కథ అంతే.

నాకొక్కటే సందేహం. నిండు కవచంలో ఉన్న మనిషి గుర్రం మీంచి చప్పున దిగాలంటే ఎలా దిగుతాడు? ఇక్కడ ఎవర్నడిగినా "పడతాడు" అంటున్నారు. పడటం మేం ఇప్పటికే చాలాసార్లు చేయించాం. రోలో బొమ్మ ఒకటి జతచేస్తున్నాను.

ఇట్లు మీ విధేయుడు,
డెల్బర్ట్ రస్క్

తా.క. ఈస్టర్ లోపు మా యజమాని గోర్విన్ గారు ఈ కథ చూసి నవ్వకపోతే మా గది మూసేస్తానన్నారు. కాస్త త్వరగా జవాబు రాస్తే మీ మేలు మరవను.

---

కార్స్‌బీ కోట, ఇంగ్లాండు.

శ్రీ రస్క్ గారికి,

మీ ఉత్తరం అందింది. గుర్రం సంగతి తర్వాత. ముందు ఆ అబ్బాయి చేతుల సంగతి చెప్పండి.

మీరు పంపిన బొమ్మలో సర్ రోలోకి చేతికి నాలుగేసి వేళ్లే ఉన్నాయి. పొరపాటున అలా గీశారేమోనని భూతద్దం పెట్టి చూశాను. నాలుగే. ఒక చేతికైతే కత్తి తగిలి పోయిందనుకోవచ్చు. రెండు చేతులకీ లెక్క పెట్టినట్టు ఒక్కో వేలు పోవడం ఎక్కడా వినలేదు. అలాంటివాణ్ణి ఎదుట నిలబెట్టుకుని బొమ్మ గీసుకున్నారు, సరే. మళ్లీ గుర్రం ఎక్కించడం ఎందుకండీ?

మా పెదనాన్న కూడా బొమ్మలు గీసేవారు. ఆయనకి ఎదురుపడాలంటే ఇంటిల్లిపాదికీ హడలు. ఒకసారి మా మేనత్తని యాపిల్ బుట్టతో నిలబెట్టి, ఆవిడ భోజనం సంగతే మరిచిపోయారు. ఆవిడ ఆ యాపిల్స్ తినేసింది. ఆ బొమ్మలో బుట్ట ఖాళీగా ఉండటానికి కారణం అదీ. గీసేవాళ్ల కంటికి ఎదుటివాడు మనిషిలా కనపడడని నాకు చిన్నప్పుడే తెలుసు.

గుర్రం మీంచి దిగడానికి పక్కన ఇద్దరు మనుషులూ, కొంచెం ఓపికా ఉంటే చాలు. చప్పున దిగాల్సినంత కొంపలేం మునిగిపోతున్నాయి?

ఇట్లు,
ఎనిడ్ పెంబ్రీ

తా.క. పెద్దబాతుని కాపలా పెట్టడం మంచి పని. మా కోటకీ ఒకటుంది. బిషప్ గారిని కూడా పొడిచింది.

---

బర్బాంక్.

మిస్ పెంబ్రీ గారికి,

వేళ్ల గురించి బెంగ పెట్టుకోకండి. మా దగ్గర అందరూ అంతే. పని త్వరగా తెములుతుందని మా యజమాని మొదట్లోనే అందరికీ ఒక్కో వేలు తీయించేశారు. ఇన్నేళ్లలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

చిక్కంతా రోలోతోనే. సోమవారం బురుజు మీంచి పడేశాం. గోర్విన్ గారు నవ్వలేదు. ఇంకా ఎత్తు నుంచి పడేశాం. పుదీనా బిళ్ల చప్పరిస్తూ "ఊఁ" అన్నారు. నిప్పంటించాం. వంతెన కింద పెట్టి అట్టులా నలిపాం. మా ఓటిస్ అనేవాడు "మనిషి పొట్టి, అందుకే లాభం లేదు, కాస్త సాగదీద్దాం" అంటే అదీ చేశాం. పెద్దాయన గడియారం చూసుకుని లేచి వెళ్లిపోయారు. రోలో మాత్రం పాపం మారుమాట్లాడడు. పొద్దున్న ఎక్కడ వదిలామో అక్కడే ఉంటాడు.

ఇట్లు,
డెల్బర్ట్ రస్క్

తా.క. దిక్కు తోచక ఈ వారమంతా గోడకేసి తల కొట్టుకుంటున్నాను. రోలో వంతు శుక్రవారం.

---

కార్స్‌బీ కోట.

రస్క్ గారికి,

మీ ఉత్తరం చదివేసరికి నా టీ చల్లారిపోయింది. మనిషి పుట్టుక పుట్టినవాళ్లు చేసే పనులేనా ఇవి? మా ఆయుధశాలలో మనిషిని సాగదీసే బల్ల ఒకటుంది. దాని వాడకం మా తాతల తాతల నాడే మానేశాం. మీది కొత్త దేశం కాబట్టి ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినట్టున్నారు.

పడేసి తీరాలనే పంతం ఉంటే కవచం కింద దూది బొంత కోటు తొడగాలి. తొడిగారా? తొడిగి ఉండరు.

ఇక మీతో నాకు మాటల్లేవు. రోలోతోనే మాట్లాడతాను. అతను తన చేత్తో జవాబు రాయాలి. రాకపోతే లండన్‌లో మీ రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాను. అక్కడ పనిచేసే ఒకావిడ మా కోట చూడవచ్చి గొడుగు మరిచిపోయింది. ఆ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, గుర్తుంచుకోండి.

నాయనా రోలో, నొప్పి ఎక్కడ? నిన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎవరైనా ఉన్నారా? దాచకుండా రాయి.

ఇట్లు,
ఎనిడ్ పెంబ్రీ

తా.క. రస్క్ గారూ, చివరి నాలుగు ముక్కలూ అతనికి రాసినవి. మీరు చదవకూడదు.

---

బర్బాంక్.

పెంబ్రీ అమ్మగారికి సర్ రోలో నమస్కరించి రాయునది.

నేను క్షేమం. రస్క్ గారు చెడ్డవాడు కాదు, ఆయన మీద ఎక్కడా ఫిర్యాదు చేయకండి. పడటం నాకు అలవాటే. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఒకప్పుడు నేను పడితే హాలంతా నవ్వేది. ఇప్పుడు లేచి నిలబడితే పెద్దాయన నోట్లో పుదీనా బిళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఈస్టర్ వెళ్లగానే మా గదిలో ఆరుగురం రోడ్డున పడతాం. ఆ పడటం ఎలాగో మాత్రం నాకు తెలియదు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. గదిలో చెబితే మిగతావాళ్లు బెదిరిపోతారు. పొద్దున్నే ఈ రేకుల షెడ్డులో చలికి వేళ్లు బిగుసుకుపోయి పెన్సి (కొట్టేసి ఉంది) కత్తి పట్టుకోవడం కూడా కష్టంగా ఉంది.

నొప్పి ఎక్కడని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. మీరడిగారు కాబట్టి ఇంత రాశాను.

ఇట్లు,
రోలో

తా.క. దూది బొంత కోటు తొడగలేదు. రస్క్ గారికి ఆ ఆలోచనే రాలేదట. నేను మందలించాను.

---

కార్స్‌బీ కోట.

నాయనా రోలో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దీనితో ఉన్ని చేతి తొడుగులు పంపుతున్నాను. నేనే అల్లాను. మా గొర్రెల ఉన్ని మొదట్లో కాస్త గరుకు, వాడగా వాడగా మెత్తబడుతుంది.

పడటం గురించి ఒక సంగతి చెబుతాను. పోయిన నెల కోట చూడటానికి బడిపంతుళ్లు గుంపుగా వచ్చారు. వాళ్లకి చూపిద్దామని ఇనుప శిరస్త్రాణం నెత్తిన పెట్టుకుని, ముసుగు దించి, మెట్ల మీంచి దొర్లాను. చాలా మెట్లే దొర్లాను. ఎవరూ నవ్వలేదు. అయ్యో పాపం అన్నారు. నేను లేచి ముసుగెత్తి, నడుం ఉందో విరిగిందో చూసుకోకుండా, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను. అందరూ చూస్తున్నారు. "మెట్ల విశేషాలు అయ్యాయి, ఇక కింది గదికి వెళదాం" అన్నాను. అప్పుడు నవ్వారు. ఒక పంతులుగారైతే గోడ పట్టుకుని కూలబడ్డారు. నాకు ముందు ఒళ్లు మండింది, సాయంత్రానికి నాకూ నవ్వొచ్చింది.

ఎంత ఎత్తు నుంచి పడ్డావని జనం కొలుచుకోరు నాయనా. లేచాక పరువు కోసం ఏం తంటాలు పడతావో చూస్తారు. మీ వాళ్లు నువ్వు పడీ పడగానే మళ్లీ పడేయడానికి ఇంకోచోటికి ఈడ్చుకుపోతున్నారు. లేచి చుట్టూ చూసుకునేంత వ్యవధి ఇమ్మని రస్క్ గారితో చెప్పు.

ఇట్లు,
ఎనిడ్ పెంబ్రీ

తా.క. తొడుగులు సరిపోయాయో లేదో రాయి. చెయ్యి చూడకుండా అల్లడం ఇదే మొదటిసారి.

---

బర్బాంక్.
ఈస్టర్ మర్నాడు.

మిస్ పెంబ్రీ గారికి,

ముందు మంచి కబురు. పెద్దాయన నవ్వారు.

మీరు చెప్పినట్టే చేశాం. రోలోని ఒకే ఒక్కసారి, అదీ మోకాలెత్తు అరుగు మీంచి పడేశాం. లేచాడు. ముసుగెత్తాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గోడ మీంచి పెద్దబాతు చూస్తోంది. దుమ్ము దులుపుకుని, తను దిగాలనే దిగినట్టు, బాతుకి వంగి దణ్ణం పెట్టాడు. గోర్విన్ గారు పుదీనా బిళ్ల మింగేశారు. ఓటిస్ వీపు మీద చరిస్తే గానీ ఆయనకి ఊపిరాడలేదు. ఊపిరాడగానే మళ్లీ చూపించమన్నారు. మా గది నిలిచింది, ఆరుగురికీ కొలువు దక్కింది.

ఇక రెండో సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. రోలో అనే మనిషి లేడు. చచ్చిపోయాడని కాదు, ఎన్నడూ లేడు. మేం ఎవర్నీ ఎదుట నిలబెట్టి గీయం, బుర్రలోంచి గీస్తాం. పొద్దస్తమానం ఆ బొమ్మలతోనే బతుకుతాం కాబట్టి "రోలోని పడేశాం, నలిపాం" అని మనిషిని అన్నట్టే అనడం మాకు అలవాటు. బయటివాళ్లకి అది ఎలా వినపడుతుందో ఆలోచించలేదు. మీకు జవాబు రాసింది నేనే. మీ కోపానికి భయపడి మొదలుపెట్టాను, తర్వాత ఎందుకో ఆపలేకపోయాను. అబద్ధమాడి పుచ్చుకున్న తొడుగులు ఉంచుకునే హక్కు నాకు లేదు. చెప్పండి, తిప్పి పంపుతాను.

క్షమించమని కోరుతూ,
డెల్బర్ట్ రస్క్

తా.క. తొడుగులకి ఐదేసి వేళ్లు అల్లారు. రోలోకి నాలుగే అని కనిపెట్టింది మీరే. కంగారులో మరిచిపోయి ఉంటారు, పెద్దవయసులో మామూలే.

---

కార్స్‌బీ కోట.

నాయనా డెల్బర్ట్,

గది నిలిచినందుకు సంతోషం. గోర్విన్ గారిని ఇకమీదట బిళ్లలు కొరికి తినమను.

పెద్దవయసు అన్నావు. నా మతికేం ఢోకా లేదు. మొదట్లో మోసపోయిన మాట నిజమే. రాయబార కార్యాలయానికి ఉత్తరం రాసి, స్టాంపు కూడా అంటించాను. అంతలో రోలో జవాబు వచ్చింది. అందులో "పెన్సి" అని రాసి కొట్టేసి "కత్తి" అని దిద్దావు. దస్తూరీ కూడా నీదే. మా పాదిరిగారిని వెళ్లి అడిగితే, మీ సినిమాల్లో మనుషులూ బాతులూ అన్నీ ఉత్త గీతలేనని చెప్పి, ఆయన చాలాసేపు నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి రోలో రాసిన ఆ జవాబు పొయ్యిలో పెట్టబోయి, ఎందుకో ఇంకోసారి చదివాను.

గీతలకి చలి వేయదు కదా నాయనా. నొప్పి ఎక్కడని అడిగినందుకు గీతలు అంత ఉత్తరం రాయవు. అది రాసినవాడికి చేతికి ఐదు వేళ్లుంటాయని తెలిసే ఐదు అల్లాను. తొడుగులు తిప్పి పంపకు. పెట్టుకో. నొప్పి ఎక్కడుందో ఈసారి నీ పేరుతోనే రాయి.

ఇట్లు,
ఎనిడ్

తా.క. రోలోకి కూడా ఒక జత మొదలుపెట్టాను, నాలుగు వేళ్లది. మీ యజమాని అన్నది నిజమే, పని త్వరగా తెములుతోంది.