మంచె ఎక్కే కరెంటు

రామకుప్పం

సింధూజా,

తాతకు మతి పోయిందని ఫోన్లో అన్నావు. పోలేదమ్మా, మొండితనం పెరిగింది. ఉబ్బసంతోనే రాగిచేను కాపలాకు మంచె ఎక్కుతున్నాడు. ఇంట్లో పడుకోమంటే, "నేను ఈడ పండుకుంటే ఏనుగులు ఆడ పండగ సేసుకుంటాయి" అంటాడు. కోతలయ్యేదాకా దిగడు. ఆయాసమొస్తే మందు ఆవిరి పట్టే మిషనుకు పైన కరెంటు లేదు. నా దిగులంతా అదే.

నువ్వు ఫొటో పంపిన పెద్ద బ్యాటరీ పెట్టె ఫ్రిజ్జు, మిక్సీ కూడా నడుపుతుందన్నావు. మంచె మీద ఆయన పచ్చడేమీ రుబ్బడు. మిషనుకూ, ఒక లైటుకూ, ఫోనుకూ సరిపడే చిన్నది చాలు. పగలు సోలార్ పలకతో నింపుకుంటాం. ఇంట్లో కరెంటు పోయిన రోజు కిందికి దించుకుంటాం.

రాగి ఈ ఏడు బాగుంది. పైన గాలి ఇంకా బాగుంది. ఎలా తెలుసని అడగకు.

ఆదివారం మదనపల్లె అంగడికి పోయి, పెట్టెను ఒంటిచేత్తో ఎత్తుకుని మెట్లు ఎక్కి చూడు. నీ చెయ్యి లాగితే ఇంకా చిన్నది అడుగు. మోసేది నేను, రెండో చెయ్యి నిచ్చెనకు కావాలి. పిడి గట్టిగా ఉందో లేదో కూడా చూడు. మీ నాన్నకు మాత్రం చెప్పకు.

అవ్వ